చోడిపిండి పట్టుకొని కలకత్తాకు

కలకత్తా నుంచి వచ్చాక మా పలాస వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, హౌరా వంతెన చూశావా అని. చూశాను. ఇనుము. దాని మీద నడిచేవాళ్ళను చూస్తే మన సంతలో జనం ఒక లెక్కా అనిపిస్తుంది. మ్యూజియం చూశావా, జంతువులను చూశావా అంటే చూడలేదు. నేను వెళ్ళింది మా చెల్లెలు సుందరమ్మ తిండి మానేసిందని. అక్కడ నేను చూసినవి పొద్దున్నే పొయ్యి మీదికెక్కే గిన్నెలు. ఏ ఇంట్లో ఏది ఉడుకుతుంది, అందులో ఏం కలుపుతారు, ఏం నంజుకుంటారు, అదే చూసొచ్చాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు వంకరటింకర మాటలు రావు. చూసినట్టే చెబుతాను.

సుందరమ్మ మొగుడు లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. ఇప్పుడు కొడుకుదీ అక్కడే ఉద్యోగం. కోడలు కరుణ ఖరగ్‌పూర్‌లో పుట్టిన పిల్ల, చర్చి బడిలో పాఠాలు చెబుతుంది. మనవరాలు రూతు కాలేజీలో చదువుతోంది. ఆ ఇంట్లో సుందరమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది గాని ఆకలి తిరిగి రాలేదు. వచ్చే వారం మళ్ళీ తూకం చూస్తాను, ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేసి పోషించాలి అన్నాడట డాక్టరు. "గొట్టం వేస్తే పీకీసుకుంటానంటన్నాది పెద్దత్తా" అని కరుణ ఫోనులో ఏడ్చింది. ఏడిస్తే అత్త కడుపు నిండుతుందా అని కసిరి, మర్నాడే రైలెక్కాను.

రైల్లో పేలిన సీసా

మూట నిండా చోడిపిండి, అదే రాగిపిండి. దాంతోపాటు ఒక గాజు సీసాలో మా ఇంటి పులిసిన కలి, అంబలి పిండికి తోడు వేసే పులుపు. అంబలి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సాయంత్రం చోడిపిండిని నీళ్ళలో జారుగా కలిపి, ముందునాటి పులుపు ఒక గరిటెడు పోసి మూత పెట్టాలి. తెల్లారేసరికి బుడగలొచ్చి కమ్మటి పుల్లని వాసన వేస్తుంది. బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, అందులో ఆ పిండి పోసి, గరిటె ఆపకుండా కలిపి దించాలి. చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బెల్లం వేసేది పళ్ళు రాని పిల్లలకే. ఇదీ నా పద్ధతి, దీన్ని మించింది లేదని రైలెక్కేవరకూ నా నమ్మకం.

ఎండలో స్టేషనులో నిలబెట్టానో ఏమో, సోంపేట దాటకముందే సీసా మూత ఠప్పున ఎగిరింది. కలి అంతా ఎదుటి సీటావిడ సంచి మీద పడింది. పెట్టె పెట్టెంతా ముక్కులు మూసుకుంది. ఆవిడ బీహారు మనిషి, నా కంటే పదేళ్ళు చిన్నదేమో. తిడుతుందనుకున్నాను. ఆవిడ వేలు తడిపి వాసన చూసి, "ఖట్టా?" అంది. అవునన్నాను. తలూపి సంచి తుడుచుకుంది. పుల్లటి వాసనకు ముఖం చిట్లించని మనిషి కనబడితే నాకు సగం బంధువు కనబడ్డట్టే.

పొద్దున్న హౌరా ఇంకా రాకముందు ఆవిడ ఒక చెంబు తీసింది. అందులో వేయించిన సెనగల పిండి, నీళ్ళు, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం, పైన పచ్చడి మీద తేలే నూనె ఒక చుక్క. గరిటె కాడతో గిరగిరా తిప్పింది. పొయ్యి ఎక్కడ అని చేత్తో అడిగాను. ఆవిడ నవ్వి, "చూల్హా నహీ, దీదీ" అంది. సగం గ్లాసు నాకిచ్చింది. గొంతులో కొంచెం పట్టింది గాని రుచి ఉంది. సెనగలు ముందే వేగినవి కాబట్టి మళ్ళీ ఉడకనక్కర్లేదన్నమాట. గ్యాసు ఖర్చు లేదు, గిన్నె తోమక్కర్లేదు, మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేమని కొంచెం కోపం కూడా వచ్చింది.

లిలువా

హౌరా నుంచి లోకల్ బండి ఎక్కితే లిలువా ఎంతో దూరం లేదు. వర్క్‌షాపు గోడ వెంట సందులోకి తిరిగితే సుందరమ్మ వాళ్ళ ఇల్లు. వాకిట్లోనే వీధి కుళాయి. పొద్దున్నే బిందెల వరుస కడతారు. తెలుగువాళ్ళు, బీహారీలు, ఒడియావాళ్ళు, బెంగాలీలు, అందరి బిందెలూ ప్లాస్టిక్‌వే. కుళాయి దగ్గర తిట్టుకోవడం మాత్రం ఎవరి భాషలో వాళ్ళే.

సుందరమ్మ కిటికీ పక్క మంచం మీద పడుకొని ఉంది. చేతులు చూస్తే కొయ్యగరిటెల్లా ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"ఏటప్పా, సూడ్డానికొచ్చినావా, పాతీడానికొచ్చినావా?"

"పాతీడానికైతే ఇంత పిండి మోసుకొస్తానేటే? నోరుముయ్. మళ్ళీ నేను చెప్పినప్పుడు తెరువు."

అది కొంచెం నవ్వింది. నవ్వినా ఆయాసమే.

కలి రైలు పాలైంది కాబట్టి, కరుణ రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే ఆ నీళ్ళతో పిండి పులియబెట్టాను. ఇక్కడివాళ్ళు దాన్ని పాంతా అంటారు. మన చద్దన్నమే. మనం మజ్జిగ కలుపుతాం, వీళ్ళు ఆవనూనె చుక్క వేసుకుంటారు. పొద్దున్న అంబలి కాచి, చల్లార్చి, మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. కరుణ గ్లాసు పట్టుకుంది, రూతు తువ్వాలు పట్టుకుంది, కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. నేను చెంచా పట్టాను.

"కోడలు తాగిందేటి?" అంది సుందరమ్మ.

"మేం తర్వాత తాగుతాం అత్తా, ముందు నువ్వు."

"గుంట?" అని రూతు వైపు చూసింది.

"మామ్మా, నువ్వు ఏక్టు తాగు, ప్లీజ్" అంది రూతు. ఏక్టు అంటే కొంచెం. ఆ పిల్ల తెలుగులో మూడో వంతు బెంగాలీ.

రెండు చెంచాలు లోపలికెళ్ళాయి. మూడోదానికి తల తిప్పేసింది. "ఇంక ఒగ్గీ అప్పా. మన్ను తిన్నట్టున్నాది."

నా అంబలిని మన్ను అన్నది. ఆరోగ్యంగా ఉండి అనుంటే ఊరుకునేదాన్ని కాను.

ఆ ఇంట్లో మిగతావాళ్ళు పొద్దున్న ఏం తింటారో అప్పుడు చూశాను. కరుణ నిలబడే టీలో బిస్కెట్టు ముంచుకొని బడికి పరిగెత్తుతుంది. కొడుకు వర్క్‌షాపు క్యాంటీనులో తింటాడు. రూతు ఒక పొట్లం చింపి కప్పులో పోసి వేడినీళ్ళు పోస్తుంది. ఓట్స్ అట. అందులో మసాలా కూడా వాళ్ళే కలిపేస్తారట. రుచి చూశాను. జ్వరమొచ్చిన ఉప్మాలా ఉంది. పొట్లం ధర విన్నాక ఆ ఒక్క చెంచా కూడా ఎందుకు తిన్నానా అనిపించింది. ఆ డబ్బుతో మా ఊళ్ళో చోళ్ళు ఎన్నొస్తాయో రూతుకు చెప్పాను. "పెద్దమామ్మా, ఇందులో గిన్నె కడగక్కర్లేదు కదా" అంది. ఆ మాట ఒప్పుకోవలసిందే.

ఏక్‌బాల్‌పూర్

నోరు చచ్చినవాళ్ళకు ఏం పెట్టాలో దాలయ్యకు తెలుసు, వెళ్ళి అడుగుదామని రూతును తీసుకొని బస్సెక్కాను. దాలయ్య మా ఊరివాడే, ఓడరేవులో పనిచేసి ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడ్డాడు. భార్య పోయినప్పటి నుంచి తన వంట తనదే. బస్సులో నా చెప్పు ఒకటి ఎవరి కాలి కిందో పడి తెగింది. కుడికాలు ఈడ్చుకుంటూ, లారీల మధ్య నుంచి, మేకల మధ్య నుంచి, వాళ్ళ సందు చేరాను.

దాలయ్య అప్పటికే పొయ్యి మీద ఏదో పెట్టి ఉన్నాడు. నేతి వాసన వీధిలోకి వస్తోంది.

"ఒలప్పా, నువ్వా. కూకో కూకో. ఆ సెప్పేటి, యుద్ధానికెల్లొచ్చినావా?"

"నీ బస్సులే అలాగున్నాయి. అదేటి ఉడుకుతన్నాది?"

గోధుమ నూక. దలియా అంటారు. నేతిలో ఎర్రగా వేయించి, పెసరపప్పు, అల్లం, బిర్యానీ ఆకు వేసి జావలా ఉడికిస్తాడు. పక్కింటి ముస్లిం ఆవిడ నేర్పిందట. ఆవిడైతే పండగ రోజుల్లో దీన్నే పాలల్లో, ఖర్జూరం వేసి చేస్తుందట. దాలయ్యకు షుగరు కాబట్టి ఉప్పుదే.

"మరి అంబలి మానీసినావా?"

"నానొక్కన్నే తాగడానికి పులబెట్టాలేటప్పా? సందులో పిల్లలు ఆ రంగు సూసి సిమెంటంటన్నారు." గరిటెతో గిన్నె అంచు గీకాడు. "సుందరికి ముందు ముక్కు తెరవాల. ఏపుడు వాసన తగిల్తే నోరు దానికదే తెరుసుకుంటాది."

తిని చూశాను. గోధుమ నూక నోట్లో గింజ గింజగా తగులుతుంది, మన అంబలిలా జారిపోదు. వేడిగా తినాలి. నెయ్యి తక్కువైతే గొంతు దిగదు, ఎక్కువైతే నాకు కడుపు మండుతుంది, మనసూ మండుతుంది. దాలయ్య దారానికి మైనం పూసి నా చెప్పు కుట్టిపెట్టాడు. ఓడల తాళ్ళు కుట్టిన చెయ్యి, ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

మర్నాడు లిలువాలో అచ్చం అలాగే చేశాను. ఇల్లంతా వాసన. కుళాయి దగ్గరి వాళ్ళు తలలు తిప్పి చూశారు. సుందరమ్మ ముక్కు మాత్రం తెరుచుకోలేదు. మూడు చెంచాలు. "మీరందరూ తిన్నారేటి?" అని అడిగి, మేం జవాబు చెప్పేలోగానే కళ్ళు మూసుకుంది.

భవానీపూర్

రూతు భవానీపూర్‌లో ఒక ఇంట్లో చిన్నపిల్లకు లెక్కలు చెబుతుంది. ఆ ఇంటి నాయనమ్మను ఈ పిల్ల మాశీమా అంటుంది, పిన్నిగారు అన్నట్టు. ఆవిడ చేతి వంట తింటే రాయి కూడా ఆకలంటుందని చెప్పి నన్ను మెట్రోలో తీసుకెళ్ళింది. భూమి లోపల రైలు చల్లగా ఉంది. టిక్కెట్టు కూడా అన్యాయంగా లేదు.

మాశీమా వంటగది పాతది, గోడలు పొగచూరి ఉన్నాయి. నేను ఎందుకొచ్చానో రూతు బెంగాలీలో చెప్పింది. ఆవిడ నన్నొక పీట మీద కూర్చోబెట్టి, చిన్న గింజల బియ్యం చూపించింది. గోబిందభోగ్ అని పేరు. పచ్చివే మంచి వాసన. అందులో నీళ్ళు ఎక్కువ పోసి, ఒక బంగాళదుంప తొక్కతోనే పడేసి, మెత్తగా ఉడికించింది. ఫేనాభాత్ అంటారట. నేను గంజి వార్చడానికి గుడ్డ కోసం చూస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"వార్చరట పెద్దమామ్మా" అంది రూతు. "గంజి అందులోనే ఉండాలట."

"మరి గంజి విడిగా తాగరా?"

రూతు అడిగింది. మాశీమా ఏదో అని నవ్వింది.

"అన్నాన్నీ గంజినీ విడదీస్తే రెండూ ఏడుస్తాయంటోంది."

గంజి తాగి పెరిగినదాన్ని, నాకు ఆ మాట నచ్చలేదు. కాని తిన్నాక నోరు మూసుకున్నాను. దుంప చిదిపి, వెన్న, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ. మిరపకాయ కలపరు, కొరుక్కుంటారు. పసిపిల్లలకు పెట్టే తిండిలా మెత్తగా ఉంది, మిరపకాయ కొరికేసరికి పెద్దవాళ్ళదైపోయింది. కొందరు పైన వెన్న బదులు ఆవనూనె వేసుకుంటారట. నేను దాన్నీ రుచి చూశాను. కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. మాశీమా పొట్ట పట్టుకొని నవ్వింది.

తిరిగొస్తూ ఆ బియ్యం కొనబోయాను. ధర విని పావుకిలో కట్టమన్నాను. కొట్టువాడు "దిదా, పక్షులకా?" అన్నాడు, దిదా అంటే అమ్మమ్మ. రూతు సిగ్గుపడింది. నేను పడలేదు.

ఫేనాభాత్ కూడా సుందరమ్మ నాలుగు ముద్దల దగ్గర ఆపేసింది. మేం నలుగురం మంచం చుట్టూ నిలబడి దాని నోటివైపే చూస్తున్నాం. ఎల్లుండి డాక్టరు దగ్గరికి. కరుణ పక్కగదిలోకి వెళ్ళి ఆసుపత్రి సంచి సర్దడం మొదలుపెట్టింది. సుందరమ్మ ఆ చప్పుడు వింటోంది. విని గోడవైపు తిరిగింది. నాకు ఆ రోజు తిండి సహించలేదు.

రెండు గిన్నెల పిండి

ఇంక కొత్తవి వద్దు, మన అంబలే మళ్ళీ పెడదాం అనుకొని, సాయంత్రం కరుణకు పిండి నానబెట్టమని చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చు కదా. ఆ పిల్ల పనుల్లో మరిచిపోతుందని అనుమానమొచ్చి, నేను కూడా నానబెట్టి బల్ల కింద పెట్టాను. తెల్లారి చూస్తే రెండు గిన్నెలు. కరుణ మరిచిపోలేదు సరికదా, పెద్దత్త తిడుతుందని రెట్టింపు పిండి పోసింది. రెండూ బుడగలు కట్టి పొంగుతున్నాయి. చైత్రమాసం ఎండలు, సాయంత్రానికి కుళ్ళిపోతుంది.

"పారబోసేద్దాం పెద్దత్తా" అంది కరుణ.

పారబోయడమా. నా మూట నేను పలాస నుంచి మోసుకొచ్చింది మురికికాలువకు పెట్టడానికి కాదు. పక్కింటి ఒడియావాళ్ళను అడిగి పెళ్ళిగిన్నె తెచ్చాను. వాకిట్లో పొయ్యి పెట్టించి నూకలు ఎసట్లో పోశాను. గరిటె తిప్పి తిప్పి భుజాలు పోయాయి. అడుగు కొంచెం అంటింది కూడా. చల్లారాక మజ్జిగ కలిపి, కుళాయి దగ్గర వరుసలో ఉన్నవాళ్ళను పిలిచాను.

మొదట ఎవరూ రాలేదు. తర్వాత బీహారీ ముసలమ్మ ఒకావిడ గ్లాసు తెచ్చుకుంది. ఆవిడ వేయించిన జీలకర్ర నలిపి చల్లుకొని తాగి, ఇంకొందరిని కేకేసింది. ఒడియావాళ్ళు పచ్చిమామిడికాయ తురిమి కలుపుకున్నారు. ఎదురింటి బెంగాలీ ఆవిడ తాటిబెల్లమూ కొబ్బరీ వేసి పిల్లలకు పోసింది. రూతు అరటిపండు చిదిమి వేసుకుంది. ఒక్క గిన్నె, ఎవరి నోరు ఎలా చెబితే అలా. బెల్లం వేసింది నేనూ ఒక గుక్క తాగాను. బాగుంది. ఇంట్లో మాత్రం చెప్పకండి.

నేను పోస్తున్నాను. అందరికీ రావాలి కదా, సగం గ్లాసు చొప్పున. అంతలో కిటికీలోంచి గొంతు.

"ఏటప్పా, ఆ పోయడం ఏటి? ఆలు పిట్టలేటి?"

"ఇంకా జనం ఉన్నారే. సరిపోవద్దూ?"

"నా వాకిట్లో సగం గళాసు పోస్తావేటి? సిగ్గునేదేటి నీకు?"

గుమ్మం పట్టుకొని సుందరమ్మ బయటికి వస్తోంది. కరుణ పట్టుకోబోతే విదిలించింది. వచ్చి నా చేతిలో గరిటె లాక్కొని పీట మీద కూర్చుంది. గ్లాసు అంచు దాకా పోయడం మొదలుపెట్టింది. సగం నేల మీద పడుతోంది. నేను పళ్ళు బిగబట్టుకున్నాను. పేరు పేరునా పిలిచి పోసింది. ఎవరి మనవడికి దగ్గు తగ్గిందో అడిగింది. "నువ్వు తాగినావా? నీ కోడలేదీ?" అని రెండు భాషల్లో కేకలేసింది. కరుణను నిలబెట్టి తాగించింది. కొడుకు డ్యూటీకి వెళ్ళబోతుంటే ఆపి తాగించింది. నాకూ పోసింది, "నీకూ సగమేనేటి?" అని దెప్పుతూ.

అందరూ వెళ్ళారు. గిన్నె అడుగున గోధుమరంగు చెక్క మిగిలింది. సుందరమ్మ గిన్నెను ఒళ్ళోకి వంచుకొని, గరిటెతో గీకి, ఆ మాడు తినడం మొదలుపెట్టింది. కరుణ నోరు తెరిచింది. నేను కన్నెర్రజేసి మాట్లాడనివ్వలేదు. మేమెవరం దాని వైపు చూడలేదు. నేను గ్లాసులు కడిగాను. గీకుడు చప్పుడు చాలాసేపు వినబడింది.

అప్పటికి నా బుర్రకెక్కింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ మనిషి ఇంటిల్లిపాదికీ పోసి, అడుగు గీక్కుని తిన్నది. మా అమ్మా అంతే, నేనూ అంతే. అందరి కడుపులూ నిండాయని కళ్ళతో చూస్తేగాని మా గొంతు తెరుచుకోదు. అలాంటిదాన్ని మంచం మీద కూర్చోబెట్టి, ఎవరూ తినకుండా, ముందు నువ్వు తిను అని చుట్టూ నిలబడ్డాం. ఎలా దిగుతుంది?

ఆఖరి పొద్దులు

డాక్టరు తూకం చూశాడు. తగ్గలేదు. ఇంకో వారం చూద్దామన్నాడు. ఆ వారంలో కాస్త పెరిగింది. గొట్టం మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కరుణ ఆసుపత్రి సంచిలోంచి దుప్పటి తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే అందరూ కూర్చొని తాగాలి. కరుణ పావుగంట ముందు లేస్తోంది. రూతు పొట్లాలు కొనడం మానలేదు గాని, వారంలో రెండు రోజులే. ఒక రోజు అంబలి, ఒక రోజు దాలయ్య దలియా, ఆదివారం చర్చికి వెళ్ళేముందు ఫేనాభాత్.

కాని రూతుకు కోపంగానే ఉంది. నేను బయలుదేరే ముందురోజు పొద్దున్న నన్ను పట్టుకుంది.

"మామ్మ ఎందుకు ఆఖర్న తినాలి? అదీ మాడుది? ఇది అన్యాయం కదా పెద్దమామ్మా."

అన్యాయమే కావచ్చు. నా వయసులో దాని సంగతి తేల్చడం నా వల్ల కాదు. మంచి అలవాటని చెప్పను, మాన్పించమనీ చెప్పను. ఇప్పుడిప్పుడే తింటున్న మనిషి.

"నీకంత బాధగా ఉంటే, నువ్వూ దాంతోపాటు ఆఖర్న తిను" అన్నాను.

మర్నాడు అందరం తాగాక, రూతు చెంచా పట్టుకొని వెళ్ళి మామ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. గిన్నె ఇద్దరి మధ్యా ఉంది. నేను మూట కట్టుకుంటూ వాకిట్లోంచి వింటున్నాను. రెండు చెంచాలు గీకుతున్నాయి. ఒకటి ఆగింది.

"ఓలి గుంటా, అటేపు గీక్కో. ఈ మూల నాది."